గుంటూరు నుంచి ఒక్క రోజులో కొండవీడు, అమరావతి

కొండవీడులో కొండ మీది కోట, అమరావతిలో బౌద్ధ స్తూపం, గుడి ఒకే రోజు చూడాలంటే ముందు కొండే ఎక్కాలి. పదకొండు దాటితే కోటలో రాయి కాలిపోతుంది, నీడ కూడా తక్కువ. శుక్రవారం మాత్రం పెట్టుకోకండి, ఆ రోజు అమరావతి మ్యూజియానికి సెలవు.

పొద్దున్నే గుంటూరులో బయల్దేరి నరసరావుపేట రోడ్డు పట్టుకుంటే 20 కిలోమీటర్ల పైచిలుకులో ఫిరంగిపురం వస్తుంది. టిఫిన్ ఇక్కడే కానిచ్చేయండి, పైన ఏదో దొరుకుతుందని నమ్ముకోవద్దు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు దగ్గరుండాలి. ఊళ్లో బాలయేసు చర్చి పెద్దది, పాతది. ఓ పావుగంట ఆగినా చాలు. అక్కడి నుంచి ఎడమకు తిరిగితే కొండవీడు.

ఘాట్ రోడ్డు మీద ఏ గేరులో ఎక్కారో దిగేటప్పుడూ అదే వేయండి. బ్రేకు తొక్కిపట్టి దిగితే వేడెక్కి పట్టు వదిలేస్తుంది. న్యూట్రల్‌లో అసలు దిగొద్దు.

పైకెళ్లినవాళ్లు చాలామంది బురుజు దగ్గర ఫొటో దిగి వెనక్కి వచ్చేస్తారు. నన్నడిగితే ఈ కోటలో ముందు చూడాల్సినవి చెరువులు. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు. కొండవాలు మీద పడ్డ వానంతా వీటిలోకి చేరుతుంది, ఒకటి నిండితే మిగులు నీరు దిగువ దానిలోకి పోతుంది. అద్దంకి నుంచి రెడ్డి రాజు అనవోతారెడ్డి రాజధానిని ఇక్కడికి తెచ్చాడంటే, శ్రీనాథుడు పెదకోమటి వేమారెడ్డి దగ్గర విద్యాధికారిగా ఉన్నాడంటే, అంతమందిని కొండ మీద బతికించింది ఈ నీళ్లే. గోడ ఎంత ఎత్తున్నా లోపల నీళ్లు అయిపోతే కోట లొంగిపోవాల్సిందే. 1515లో కృష్ణదేవరాయలు ముట్టడించి గెలిచిన కోట ఇది. ఆ చెరువుల గట్టు మీద నిలబడి చూస్తే అప్పటి ముట్టడి ఎంత కష్టమో తెలుస్తుంది. వానాకాలం తరవాత వెళితే నిండుగా కనిపిస్తాయి గానీ మెట్ల మీద పాచి ఉంటుంది, నున్నటి చెప్పులతో దిగొద్దు. ఈమధ్య బాగుచేసిన గోడల్లో కొత్త గార, పాత రాయి పక్కపక్కనే ఉంటాయి. ఏది ఏదో గమనిస్తూ నడవండి.

భోజనం గుంటూరులో చేసి, తాడికొండ మీదుగా అమరావతి వెళ్లండి. దాదాపు 35 కిలోమీటర్లు, బస్సులు బాగానే ఉంటాయి. మధ్యాహ్నం ముందు అమరేశ్వరుడి గుడికి పోతే తలుపులు మూసి ఉంటాయి, మ్యూజియమేమో సాయంత్రం 5కి కట్టేస్తారు. కాబట్టి మ్యూజియం, స్తూపం ముందు, అమరేశ్వరుడు తరవాత. స్తూపం దగ్గర ఇప్పుడు కనిపించేది వలయాకారపు అడుగుభాగం, కొన్ని రాళ్లు, అంతే. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు ఇక్కడ ఊరు కట్టిస్తున్నప్పుడు ఆ దిబ్బను రాళ్ల కోసం తవ్వారు. ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించేనాటికే చాలా పోయింది. మిగిలిన శిల్పాల్లో ఎక్కువ భాగం చెన్నై ఎగ్మోరు మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అందుకే ఇక్కడి మ్యూజియంలో స్తూపం బొమ్మనే చెక్కిన పలకలు వెతికి చూడండి. అండం అనే గుండ్రటి గుమ్మటం, చుట్టూ ప్రాకారం, నాలుగు దిక్కుల్లో ముందుకు పొడుచుకొచ్చిన వేదికల మీద అయిదేసి ఆయక స్తంభాలు ఎలా ఉండేవో వాటిలో తెలుస్తుంది. అది చూశాక బయటికొచ్చి స్తూపం చుట్టూ తిరగండి, ఏ రాయి ఎక్కడిదో కొంత అర్థమవుతుంది.

గుడిలో లింగం ఎంత పొడుగంటే, అభిషేకానికి పూజారి పై అంతస్తుకు ఎక్కాలి. సాయంత్రం నాలుగు దాటాక వెళ్లినా దర్శనం చేసుకుని కృష్ణ ఒడ్డుకు దిగేంత వెలుతురు ఉంటుంది.