గీత ముందు, రంగు తర్వాత

చిత్రకారుడు లక్ష్మా గౌడ్ గారంటే నాకు ఇన్నాళ్లూ గీతలే. ఇంకు డ్రాయింగులు, ఎచింగులు (లోహపు రేకు మీద గీసి కాగితంపై అచ్చు తీసే బొమ్మలు), వాటిలో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో ఆయన చూస్తూ పెరిగిన మనుషులు, మేకలు, చెట్లు. ఈమధ్య ఒక ప్రదర్శనలో ఆయన గాజు వెనక వేసిన రంగుల బొమ్మ చూసి అక్కడే నిలబడిపోయాను.

గాజు వెనక వేసి ముందు నుంచి చూస్తాం కాబట్టి ఈ పద్ధతిలో అంతా తలకిందులు. మామూలు పెయింటింగులో చివర్లో దిద్దే కంటిపాప, ముక్కుపుడక, జుట్టు గీతలు ఇక్కడ మొదటే వేసేయాలి. తర్వాత ఒంటి రంగు, చీర రంగు. బ్యాక్‌గ్రౌండ్ అన్నిటికన్నా ఆఖరున. కుడి ఎడమలూ మారిపోతాయి. రంగు పడ్డాక కింది గీతను సరిచేసే వీలుండదు. జీవితమంతా గీత గీసిన చేతికి ఇంతకన్నా తగిన పని ఏముంటుంది! బరోడాలో ఆయన గురువు కె.జి. సుబ్రమణ్యన్ కూడా ఇలాంటి బొమ్మలు వేశారు.

బొమ్మలో ఒక ఆడమనిషి. పెద్ద కళ్లు, నుదుట బొట్టు, పక్కన మేక. ఎరుపూ పసుపూ ఇప్పుడే పూసినంత తడిగా మెరుస్తున్నాయి. ఆమెను మా వైపు జాతరల్లో ఎన్నోసార్లు చూశాననిపించింది.

2016లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, సంతోషమే. మన బడి పిల్లల పుస్తకాల్లో ఆయన బొమ్మ ఒక్కటైనా ఉండాలని నా గట్టి కోరిక.