గడపకు దయ్యాలు, కడుపులో దూది

హైదరాబాద్‌లో ఉండే మా ఆడబిడ్డకు హాలోవీన్ తోరణం కావాలంట. కొండాపూర్ దిక్కు వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో ఏటా అక్టోబర్ 31 సాయంత్రం పిల్లలంతా దయ్యాల వేషాలేసుకొని, ఫ్లాటు ఫ్లాటుకు తిరిగి చాక్లెట్లు అడుక్కుంటారు. "వదినా, అంగట్లో దొరికే ప్లాస్టిక్‌వి వద్దు, నువ్వు అల్లియ్యి. గుమ్మడికాయలు, దయ్యాలు, గబ్బిలాలు. లోపల దూది పెట్టి బొద్దుగా ఉండాల. మా బాల్కనీ గ్రిల్లుకు ఆరడుగులు పడుతుంది" అనింది. 2024లో దీపావళీ హాలోవీనూ రెండూ అక్టోబర్ 31నే వచ్చి కూర్చున్నాయి. ఆ సాయంత్రం వాళ్ళ గ్రిల్లుకు ఒక పక్క బంతిపూల దండ, ఇంకో పక్క కాగితం దయ్యాలు. రాత్రి ఎవరో కాల్చిన చిచ్చుబుడ్డికి కాగితం దయ్యాల్లో సగం కమిలిపోయినాయంట. 2025లో దీపావళి అక్టోబర్ 20నే అయిపోయింది కాబట్టి దయ్యాలకు ఒక రోజు విడిగా దొరికింది.

తోరణం అల్లేది నాకు కొత్త గాదు. కర్నూలులో నా ఈడు ఆడోళ్ళు చానామంది బడిలో క్రాఫ్ట్ పీరియడ్‌లో క్రోషియా సూది పట్టినవాళ్ళే. టీవీ మీద గుడ్డ, ఫ్రిజ్ హ్యాండిల్‌కు తొడుగు, గుమ్మానికి ఊలు తోరణం, పెళ్ళి చూపులకు వచ్చినోళ్ళకు చూపించడానికి ఒక టేబుల్ క్లాత్. సన్న నూలుతో చేసే అసలైన లేసు పని నరసాపురం వాళ్ళది, దానికి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి పనే అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మాది ఇంటిమటుకు చేసుకునే పని. ఏదైనా చదునుగానే ఉండేది. లోపల కూరి ఉబ్బెత్తుగా నిలబెట్టే బొమ్మలు జపాన్ వాళ్ళ పద్ధతి, అమిగురుమి అంటారు. మా కాలనీలో ఇద్దరు ముగ్గురం ఫోన్లో వీడియోలు చూసి ఈమధ్యే నేర్చుకున్నాం.

మా అత్త తొలిరోజే అడ్డం పడింది. "దీపాలు పెట్టి లక్ష్మిని పిలిచిన గడపకు దయ్యాలు కడతారాంట? ఏం చోద్యమే ఇది?" అనింది. నేను మాట్లాడకుండా మా గేటు దిక్కు చూపించినాను. ఉట్టిలో బూడిద గుమ్మడికాయ వేలాడుతుంది. ఎదురుగా లేస్తున్న మేడకు కోరలు, మీసాలు, నాలిక బయటపెట్టిన రాక్షసుడి మొగం. "అది దిష్టికిమే. దానికొక పని ఉండాది. నీ దయ్యాలకు ఏం పని?" అనింది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

కానీ తెలిసినంత చెప్పినాను. నవంబర్ 1 క్రైస్తవుల సకల పరిశుద్ధుల పండుగ, దానికి ముందు రాత్రి ఇది. అంతకన్నా పాతకాలంలో ఐర్లాండ్ దిక్కు కోతలు అయిపోయి చలికాలం మొదలయ్యే ఆ రాత్రి చచ్చిపోయినవాళ్ళు తిరుగుతారని నమ్మేవాళ్ళు. టర్నిప్ గడ్డలను తొలిచి, కళ్ళూ నోరూ కోసి, లోపల దీపం పెట్టేవాళ్ళు. 19వ శతాబ్దంలో ఐర్లాండ్ నుంచి అమెరికాకు వలసపోయినవాళ్ళకు అక్కడ పెద్ద పెద్ద గుమ్మడికాయలు దొరికినాయి, తొలిచేది సులువు. అట్ల టర్నిప్ పోయి గుమ్మడి వచ్చింది. "అంటే వాళ్ళకూ గుమ్మడికాయే" అని మా అత్త కొంచెం మెత్తబడింది. పక్కింటి మేరక్క వాళ్ళు క్రైస్తవులే, ఆమె మాత్రం నవ్వింది. వాళ్ళకు ఈ వేషాల గోల లేదు, నవంబర్ 2న సమాధులకు సున్నం కొట్టించి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి వస్తారు.

ఇంక పని సంగతి. నారింజ రంగు మొదటి చిక్కు. కర్నూలు అంగళ్ళలో అడిగితే కాషాయం ఇస్తారు, లేదంటే ఎరుపుకు దగ్గరి రంగు ఇస్తారు. నేను పూల అంగడిలో ఒక ముద్దబంతి పువ్వు కొని, అది చేతిలో పెట్టుకొని ఊలు అంగడికి పోయినాను. "దీనికి సరిపొయ్యేది తియ్యన్నా" అంటే ఆయన వెతికి వెతికి వెనకాల అర నుంచి తీసిచ్చినాడు. ఊలు అని నోటి అలవాటుగా అంటాం గానీ నేను తీసుకున్నది నూలు దారం. అక్రిలిక్ అనే కృత్రిమ ఊలు చౌక, కానీ నాలుగుసార్లు చెయ్యి తగిలితే నూగు లేస్తుంది, దయ్యం మొగం మీద నూగు లేస్తే గడ్డం వచ్చినట్ల కనపడుతుంది. నలుపును మాత్రం ముందే పరీక్ష చెయ్యాల. తడి తెల్లగుడ్డలో కాసేపు నొక్కి పెడితే తెలిసిపోతుంది. రంగు దిగే నలుపు పక్కన తెల్ల దయ్యాన్ని వేలాడదీస్తే మొదటి ఉతుకుకే సంగతి బయటపడుతుంది.

సూది 2.5 మిల్లీమీటర్లది. దారం చుట్ట మీద వాళ్ళు రాసే సైజు కంటే ఇది చిన్నది, కావాలనే. అల్లిక బిగువుగా రావాల, లేకపోతే సందుల్లోంచి దూది తొంగిచూస్తుంది.

గుమ్మడికాయకు మ్యాజిక్ రింగ్‌లో, అంటే కొస లాగితే బిగిసే దారం ఉంగరంలో, 6 సింగిల్ క్రోషేలు (పొట్టి కుట్లు). తర్వాత ప్రతి కుట్టులో రెండేసి, 12. ఆ తర్వాత చుట్టుకు ఆరు చొప్పున పెంచుకుంటూ 18, 24, 30. అక్కడ పెంచేది ఆపి ఒక ఆరేడు చుట్లు అట్లనే పోవాల, అప్పుడు గోడ లేస్తుంది. మళ్ళీ 24, 18 అని తగ్గించుకుంటూ వచ్చి, నోరు మూసుకుపోకముందే కూరి, 12, 6 చేసి ముడెయ్యాల. తగ్గించేటప్పుడు రెండు కుట్ల ముందరి పోగులను మాత్రమే పట్టి కలిపితే ఎక్కడ తగ్గించినామో కంటికి కనపడదు. ఇంతవరకు అయ్యేది బంతి. దాన్ని గుమ్మడికాయ చేసేది దబ్బళం. లావు దారం ఎక్కించి కింద నుంచి మధ్యలోగా పైకి తీసి, బయట నుంచి చుట్టుకొని మళ్ళీ కింద గుచ్చి, లాగాల. అట్ల ఆరుసార్లు. లాగినప్పుడల్లా ఒక గాడి పడుతుంది. ఆఖరుకు ఆరు తొనలు నిలబడతాయి. నాకు ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా ఇష్టమైంది ఆ లాగుడే.

గబ్బిలాలు రాత్రి లైటు కింద అల్లేది నా వల్ల కాలేదు. నల్ల దారంలో కుట్టు యాడ మొదలైందో యాడ అయిందో కనపడదు. పొద్దున్నే మిద్దె మీద ఎండ ముదరకముందు అల్లుకున్నాను. రెక్కలకు దూది అక్కరలేదు, చదునుగా అల్లి, తడిగుడ్డ వేసి ఇస్త్రీ పెట్టెతో అదిమితే ముడుచుకోకుండా నిలుస్తాయి. ఇది నూలు దారం కాబట్టి. అక్రిలిక్ మీద ఇస్త్రీ పెడితే కరిగి అతుక్కుంటుంది, జాగ్రత్త.

క్యాండీ కార్న్ అని ఒకటుంది. అమెరికాలో ఈ పండుగకు తినే చక్కెర మిఠాయి, మొక్కజొన్న గింజ ఆకారంలో కొన తెలుపు, నడుమ నారింజ, అడుగు పసుపు. మా అత్తకు ఇది ఒక్కటే నచ్చింది, జొన్నగింజ అనుకొని. రంగు మార్చేటప్పుడు పాత రంగు ఆఖరి కుట్టును సగంలో ఆపి, మిగతా సగం కొత్త రంగుతో లాగితే గీత శుభ్రంగా వస్తుంది.

ఇంక దూది. దీని గురించే ఈ పోస్టు రాయాలనుకున్నది. చూసినోళ్ళు అందరూ అల్లికను మెచ్చుకుంటారు, కానీ బొమ్మ నిలిచేదీ చెడేదీ కడుపులో ఏం పెట్టినామనే దాన్ని బట్టి.

మా జిల్లాలో దూదికి కరువా? ఆదోని మార్కెట్ యార్డు పత్తికి పేరు మోసింది, సీజన్లో ఆ రోడ్డున పోతే బండ్ల నుంచి ఎగిరిన దూది కంపచెట్లకు పట్టుకొని తెల్లగా కనపడుతుంది. నా చిన్నప్పుడు దూదేకే ఆయన భుజాన విల్లు పెట్టుకొని వీధిలోకి వస్తే మా అవ్వ పాత పరుపులన్నీ విప్పించేది. గట్టిపడిన దూది ఆ విల్లు నారి దెబ్బకు మళ్ళీ పొంగేది. ఆయన ఎందుకు రావాల్సి వచ్చేదో ఇప్పుడు బొమ్మలు చేస్తుంటే అర్థమయితాంది. పత్తి దూది నొక్కితే నొక్కినట్లే ఉండిపోతుంది. తడిస్తే ఉండకట్టి ఒక మూలకు చేరుతుంది. పరుపునైతే విప్పి ఏకించుకోవచ్చు, ఆరు కుట్లతో ముడేసిన గుమ్మడికాయను ఎవరు విప్పుతారు? పైగా బరువు.

మా అత్త బూరుగు దూది పెట్టమనింది. మెత్తన, తేలిక, నీళ్ళు పట్టదు, పాతకాలం దిండ్లన్నీ దాంతోనే. కానీ దాని పీచు నున్నగా జారుడుగా ఉంటుంది, కుట్ల సందుల్లోంచి పాక్కుంటూ బయటికొస్తుంది. ఒక చిన్న దయ్యంలో పెట్టి చూసినాను. ఇల్లంతా తుమ్ములు.

టైలరు అంగడి గుడ్డ పేలికలు ఊరికే వస్తాయి, కొంతమంది అవే కూరుతారు. గడ్డలు గడ్డలుగా తగులుతుంది, తోరణం నడుముకు వంగి నేలకు వేలాడుతుంది. నేను ఆఖరుకు వాడింది పరుపుల అంగట్లో దొరికే ఫైబర్, దిండ్లలో పెట్టే పాలిస్టర్. నొక్కి వదిలితే లేస్తుంది, ఉతికితే ఆరుతుంది. ఆదోనికి ఇంత దగ్గర ఉండి పాలిస్టర్ కొనుక్కునేది కొంచెం సిగ్గుగానే ఉండింది. అంగడాయన కిలోకు తక్కువ ఇయ్యనన్నాడు, సంచీ ఇంకా అటక మీద ఉంది.

కూరేదానికీ పద్ధతుంది. ముద్దగా తోస్తే బొమ్మలో ఎముకలు ఉన్నట్ల తగులుతుంది. చిటికెడు చిటికెడు తీసి వేళ్ళతో విప్పి, ముందు అంచులకు పెట్టి తర్వాత నడుమ నింపాల. గుమ్మడికాయకు కొంచెం వదులుగా పెట్టాల, గాడులు పడేదానికి చోటు కావాల. దయ్యానికి తల బాగా నింపి, కింద అంచు ఖాళీగా వదిలితే గుడ్డ కప్పుకున్నట్ల ఆడుతుంది. గబ్బిలం కడుపులో తెల్ల ఫైబర్ పెడితే నలుపులోంచి చుక్కలు చుక్కలుగా కనపడుతుంది. అందుకే తెగిపోయి మిగిలిన నల్లదారం ముక్కలన్నీ కూడబెట్టి వాటికి పెట్టినాను.

కళ్ళు దారంతో కుట్టినవే. ప్లాస్టిక్ కళ్ళు అందంగా ఉంటాయి గానీ ఆ ఇంటికి పాకే పిల్లలు కూడా వస్తుంటారు, నోట్లో పెట్టుకుంటే ఊడొస్తాయి. కళ్ళు మొగానికి నడుమ కంటే కిందికి, దూరం దూరంగా పెడితే దయ్యం ముద్దుగా ఉంటుంది. పైకి, దగ్గరగా పెడితే అదే దయ్యం మనల్ని తప్పు పట్టినట్ల చూస్తుంది. నేను రెండు దయ్యాలు చేసి ఒకటి అట్లా ఒకటి ఇట్లా పెట్టినాను. పండుగన్నాక కొంచెమన్నా భయం ఉండాల గదా.

నడుమ గుమ్మడికాయకు కోరమీసాలు, నాలిక పెట్టి మన దిష్టిబొమ్మ మాదిరి చేద్దామా అని నాకు అనిపించింది. ఫోటోకు బాగుంటుంది. మా అత్త ససేమిరా అనింది. దిష్టికి కట్టింది కుళ్ళిపోతేనో ఎండిపోతేనో అమావాస్యకు మార్చాల, దసరాకు బండ్ల ముందర పగలగొట్టాల. డబ్బాలో మడిచిపెట్టి వచ్చే ఏడు మళ్ళీ తీసేది దిష్టిబొమ్మ ఎట్లయితుంది, పిల్లోళ్ళు దాన్ని బంతి మాదిరి ఎగరేస్తే బాగుంటుందా అనింది. నాకు న్యాయంగానే తోచింది. మూడు కోణాల కళ్ళు పెట్టి వదిలేసినాను.

తాడు గురించి ఎవరూ చెప్పరు. ఉత్త చైన్ (గొలుసు కుట్టు) అల్లి దానికి బొమ్మలు కడితే రెండు నాళ్ళకే సాగి నడుము జారుతుంది. చైన్ మీద వెనక్కి ఒక వరస స్లిప్ స్టిచ్, అంటే అన్నిటికన్నా పొట్టి కుట్టు, వేసుకొస్తే నిలుస్తుంది. బొమ్మలు బేసి సంఖ్యలో ఉండాల, నడుమ ఒకటి రావాల గదా. నావి తొమ్మిది. నడుమ పెద్ద గుమ్మడికాయ, దానికి అటూ ఇటూ దయ్యం, గబ్బిలం, చిన్న గుమ్మడి, క్యాండీ కార్న్. ఒకదానికొకటి 7 అంగుళాల ఎడం పెడితే రెండు కొసల్లో 8 అంగుళాల చొప్పున కట్టుకునేదానికి మిగిలింది. ప్రతి బొమ్మనూ రెండు చోట్ల కుట్టాల. ఒక్కచోట వేలాడదీస్తే గాలికి తిరిగి వీపు చూపిస్తుంది, ఏడో అంతస్తు బాల్కనీలో గాలి ఊరుకోదు.

పక్క వీధిలో ఒకామె చూసి ధర అడిగింది. చెప్పినాను. "ఇంత చిన్నవాటికా?" అనింది. పెద్ద బొమ్మకు మొదలు ఒకటి, ముగింపు ఒకటి. తొమ్మిది చిన్న బొమ్మలకు తొమ్మిది మొదళ్ళు, తొమ్మిది ముగింపులు, దాచుకోవాల్సిన దారం కొసలు లెక్కలేనన్ని. చిన్నదంటే చౌక అనుకునేవాళ్ళకు నేను అమ్మను.

అట్టపెట్టెలో పెట్టి బస్సు పార్సిల్‌కు వేసినాను. మాసిపోతే చల్లనీళ్ళలో ముంచి, పిండకుండా తువాలులో అదిమి, నీడలో చదునుగా పరిచి ఆరబెట్టమని, తీగ మీద మాత్రం వెయ్యొద్దని చీటీ రాసి పెట్టినాను. నీళ్ళ బరువుకు తాడు సాగుతుంది. మా ఆడబిడ్డ విప్పి చూసుకొని ఫోన్ చేసింది. వాళ్ళ పాపకు కోపంగా చూసే దయ్యమే నచ్చిందంట, దానికి పేరు కూడా పెట్టుకునింది. తర్వాత నెమ్మదిగా, "వదినా, వచ్చే ఏడు నాలుగు సాలీళ్ళు కూడా కలుపుతావా?" అనింది. సాలీడుకు ఎనిమిది కాళ్ళు. ఒక్కోటి విడిగా అల్లి, విడిగా కుట్టాల. నాలుగింటికి ముప్పై రెండు. రబ్బరువి దొరుకుతాయి, కొనుక్కో తల్లీ అని చెప్పినాను.