కాంట్రాక్టుతోపాటు ప్రసూతి సెలవూ అయిపోయిందన్నారు: నా అనుభవం

ప్రసూతి సెలవు తాలూకు చివరి విడత డబ్బు నిన్ననే ఖాతాలో పడింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా. చల్లారాక రాస్తే మర్యాదగా వస్తుంది, అది ఎవరికీ పనికిరాదు.

హైదరాబాద్‌లో ప్రైవేటు ఆఫీసు, ఆరు నెలల కాంట్రాక్టు ఉద్యోగం. నెల జీతం 21,000 దాటింది కాబట్టి ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ ఆరోగ్య బీమా) లేదు. ఈఎస్ఐ వర్తించని చోట ప్రసూతి డబ్బు మొత్తం యాజమాన్యమే ఇవ్వాలి. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం కాస్తా 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రత కోడ్‌లో కలిసిపోయింది గానీ అసలు లెక్కలు మారలేదు. జీతంతో సెలవు 26 వారాలు, అందులో ప్రసవానికి ముందు 8కి మించకూడదు. అప్పటికే ఇద్దరు పిల్లలుంటే 12 వారాలే.

డాక్టరు సర్టిఫికెట్ తేలిగ్గానే వచ్చింది. ఈడీడీ (ప్రసవం అవుతుందని డాక్టరు అంచనా వేసిన తేదీ), డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు, స్టాంపు ఉన్నాయో లేదో చూసుకోండి, చాలు. నోటీసు ఒక పేజీ: ఏ తేదీ నుంచి రానో, ఆ కాలంలో మరెక్కడా పని చేయనని, డబ్బు నాకు గానీ ఫలానా నామినీకి గానీ ఇమ్మని. మెయిల్ చేసి, అదే కాగితం స్పీడ్ పోస్టులోనూ పంపాను.

మర్నాడే హెచ్ఆర్ మేడమ్ పిలిచారు. "చూడమ్మా, కాంట్రాక్టు ఎలాగూ మధ్యలో అయిపోతుంది. నువ్వే రిజైన్ చేస్తే ఎక్స్‌పీరియన్స్ లెటర్ నీట్‌గా ఇస్తాం. డెలివరీ అయ్యాక మళ్లీ తీసుకుంటాంలే." టేబుల్ మీద లెటర్ టైపు చేసి సిద్ధంగా ఉంది, "వ్యక్తిగత కారణాల వల్ల" అని. సంతకం ఎక్కడ పెట్టాలో పెన్సిల్‌తో ఇంటూ మార్కు కూడా. పక్కన కూర్చున్న మేనేజర్ నవ్వుతూ "చేరేటప్పుడే ప్లాన్ చేసుకున్నావా ఏంటి?" అన్నాడు. అతని ఇంట్లోనూ ఆడవాళ్లుంటారు కదా, వాళ్ల ఆఫీసులో ఎవడైనా ఈ మాటంటే ఊరుకుంటాడా?

ఆ ఇంటూ మార్కు దగ్గర సంతకం పడితే కథ కంచికే. కడుపుతో ఉండగా ఉద్యోగంలోంచి తీసేసినా ప్రసూతి డబ్బు పోదు. ఇవ్వం అంటే ఆర్డరు అందిన 60 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. అదే మనమే మానేశామని రాసిచ్చాక, బలవంతంగా రాయించుకున్నారని రుజువు చేసే బరువు మన నెత్తిన పడుతుంది. అందుకే తెలివైన కంపెనీలు తీసేయవు, రాయించుకుంటాయి. నేను సంతకం పెట్టలేదు. సీటుకొచ్చి వెంటనే మెయిల్ పెట్టాను: "ఈ రోజు ఫలానా గంటకు నన్ను రాజీనామా అడిగారు, ఒప్పుకోలేదు. నా నోటీసుకు రాతలో జవాబివ్వండి." హెచ్ఆర్ ఫోన్‌లో ఎంత తియ్యగా మాట్లాడినా ప్రతి ముక్కా మెయిల్‌కి ఎక్కించండి. వాళ్లను అంతకంటే నమ్మొద్దు.

ఇక రెండో మెలిక. ఈ డబ్బు రావాలంటే కనీసం 80 రోజులు పని చేసి ఉండాలి. "నీకు 80 రోజులు నిండలేదు" అంటూ అటెండెన్స్ షీట్ పంపారు. స్వైప్ పడిన రోజులే కూడితే డెబ్భై చిల్లర వచ్చాయి. ఈడీడీకి ముందు 12 నెలల్లో పని చేసిన రోజులతోపాటు లే ఆఫ్ రోజులు (యాజమాన్యం పని ఇవ్వలేక ఆపిన రోజులు), చట్టప్రకారం జీతంతో ఇచ్చే సెలవులు కూడా కలపాలి. షీట్‌లో జనవరి 26 ఎదురుగా "హెచ్" (హాలిడే) అని ఉంది, దాన్ని సున్నా కింద వేశారు. ఇలాంటివన్నీ పసుపు రంగు కొట్టి తిప్పి పంపాను. 80 దాటింది.

అప్పుడు కాంట్రాక్టు గడువు దగ్గర పట్టుబట్టారు, ఆ తేదీ దాకానే ఇస్తామని. ఇది సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 17న తేల్చేసిన సంగతి. ఢిల్లీ ఆసుపత్రిలో కాంట్రాక్టు డాక్టరు కవితా యాదవ్‌కు గడువు ముగిసే దాకా 11 రోజులే ఇచ్చారు. గడువు దాటినా 26 వారాల ప్రయోజనం ఇవ్వాల్సిందేనని కోర్టు చెప్పింది. ఆ తీర్పు జతచేసి కార్మిక శాఖలో ఫిర్యాదిచ్చాను. రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోవడం మరవద్దు, అడక్కపోతే వేయరు. ఆ ముద్ర ఉన్న ప్రతి ఆఫీసుకు చేరాకే "చూడమ్మా" పోయి "మేడమ్" వచ్చింది.

లెక్కలోనూ కన్నేసి ఉంచండి. సెలవు మొదలయ్యే ముందు మూడు క్యాలెండర్ నెలల్లో పని చేసిన రోజులకు వచ్చిన జీతం సగటు తీయాలి. లాస్ ఆఫ్ పే (జీతం లేని సెలవు) రోజులు కూడా కలిపి భాగించి నా సగటు తగ్గించబోయారు, పే స్లిప్‌లు ముందు పెడితే సరిచేశారు. ప్రసవానికి ముందు వాటా అడ్వాన్సుగా, మిగతాది ప్రసవం రుజువు ఇచ్చిన 48 గంటల్లో ఇవ్వాలి. రుజువుగా డిశ్చార్జ్ సమ్మరీ పంపాను.

ఆ మెయిల్‌లోనే మెడికల్ బోనస్ 3,500 కూడా అడగండి. కాన్పు ముందూ వెనకా వైద్యం యాజమాన్యం ఉచితంగా చేయించకపోతే అది ఇవ్వాలి. నాకు ఇది అన్నిటికంటే చివర, గుర్తుచేస్తే తప్ప రాలేదు.