మా అమ్మ పుట్టుక కోసం మద్రాసులో పడ్డ పాట్లు

అమ్మ జనన రిజిస్టరు కాగితం నిన్న సాయంత్రం చేతికొచ్చింది. కోపం చల్లారితే మర్యాద గుర్తొస్తుంది, అందుకని ఇవాళే రాసేస్తున్నాను.

మా అమ్మను పెంచినవాళ్ళు, కన్నవాళ్ళు వేరని మాకు తెలిసేసరికి అమ్మకు డెబ్భై దాటాయి. చెప్పింది మా చిన్నమ్మమ్మ. తొంభై నిండిన మనిషి, తిరువళ్లూరులో కొడుకు దగ్గరుంటుంది. మైలాపూరు వైపు ఒక తెలుగు డాక్టరమ్మ నడిపిన పురిటి ఆసుపత్రి నుంచి తెచ్చుకున్నారట. "మంచివాళ్ళ బిడ్డేలే, ఇప్పుడెందుకవన్నీ" అని అక్కడితో ఆపేసింది. ఇలా దాచిపెట్టే పెద్దవాళ్ళు తాము పుణ్యం చేశామనే అనుకుంటారు. ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా "మీ ఇంట్లో ఎవరికైనా షుగరుందా?" అని అడుగుతాడు కదా, మా అమ్మ ఇన్నేళ్ళూ వేరేవాళ్ళ షుగరు చెప్పుకుంటూ వచ్చింది!

దత్తత పత్రం ఉందేమోనని ముందు బీరువాలన్నీ గాలించాం. ఉండదని తర్వాత తెలిసింది. 1956లో దత్తత చట్టం వచ్చేదాకా హిందువుల్లో దత్తత అంటే కొడుకునే. ఆడపిల్లను తెచ్చి పెంచుకుంటే కాగితం రాసే పద్ధతే లేదు. సంస్థ ద్వారా చట్టప్రకారం దత్తత వెళ్ళినవాళ్ళ దారి వేరు. వాళ్ళు ఆ సంస్థనో, దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ 'కారా'నో అడగొచ్చు, అదీ స్వయంగా అడగాలి, వాళ్ళ తరఫున ఇంకొకరు అడిగితే ఒప్పుకోరు. మాకు ఆ దారి లేదు.

పుట్టినరోజు ఇంకో తలనొప్పి. స్కూలు సర్టిఫికెట్లో 1953 జులై 1 అని ఉంది. ఆ తరంలో సగంమందికి పుట్టినరోజు పెట్టింది హెడ్మాస్టరే. చిన్నమ్మమ్మను మాటల్లో పెడితే ఒక ముక్క జారింది: "శ్రీరాములుగారు పోయి ఊరంతా గోలగా ఉంటే, రిక్షా దొరక్క పిల్లను చంకనేసుకుని నడిచొచ్చారు." నాకు అది చాలు. పొట్టి శ్రీరాములుగారు పోయింది 1952 డిసెంబరు 15న, రాయపేట హైరోడ్డులో. ఆ ఇల్లు ఇప్పుడు స్మారక భవనం. అంటే అమ్మ అసలు వయసు సర్టిఫికెట్టు కంటే ఆరేడు నెలలు ఎక్కువ, ఆసుపత్రి ఆ చుట్టుపక్కలే. మా ఇంట్లో ఇంతమంది ఇంజనీర్లున్నారు, ఒక్కడికీ ఇది తట్టలేదు.

ఆసుపత్రి వీధి పట్టుకోవడం కూడా నా పనే అయింది. పాతవాళ్ళు లాయిడ్స్ రోడ్డంటారు, బోర్డు మీద అవ్వై షణ్ముగం సాలై అని ఉంటుంది. ఎడ్వర్డ్ ఇలియట్స్ రోడ్డు రాధాకృష్ణన్ సాలై అయిపోయింది. ఇంటి నెంబర్లకు మళ్ళీ పాతదీ కొత్తదీ. ఒక మాజీ పోస్ట్‌మన్‌గారి పుణ్యాన దొరికింది. ఇప్పుడక్కడ ఫ్లాట్లు.

డాక్టరమ్మగారి వారసులు పై అంతస్తులోనే ఉన్నారు. తలుపుకి గొలుసు తియ్యకుండానే మాట్లాడారు. స్థలంలో వాటా అడగడానికి వచ్చామనుకున్నారో ఏమో. పాత రిజిస్టర్లన్నీ బిల్డింగు కొట్టేటప్పుడు పాత పేపర్ల వాడికి తూకానికి వేశారట. తప్పని కూడా అనలేం. ఇన్‌పేషెంటు కాగితాలు మూడేళ్ళు ఉంచితే చాలని డాక్టర్ల నియమావళే అంటోంది. ఎగ్మూరు ఆసుపత్రి 1844 నుంచీ ఉంది, ట్రిప్లికేన్ గోషా ఆసుపత్రి 1885 నుంచీ ఉంది. అలాంటిచోట పుట్టుంటే కనీసం వెళ్ళి అడగడానికి ఒక గుమ్మం ఉండేది. మూతబడ్డ నర్సింగ్ హోముకి ఆ గుమ్మం కూడా లేదు. గ్లాసుడు మంచినీళ్ళయినా ఇచ్చారా అంటే అదీ లేదు.

ఇక మిగిలింది జనన రిజిస్టరు. ఆ ఆఫీసు పేరు రాయను. రాస్తే రేపు మళ్ళీ అక్కడికే వెళ్ళాలి.

కౌంటర్లో కుర్రాడు ఫారం తిప్పి చూశాడు. పేరు దగ్గర గీత, తండ్రి దగ్గర గీత, తల్లి దగ్గర గీత. "అప్పా పేరు ఎక్కడమ్మా?" అన్నాడు తమిళంలో. తెలియదు, అది తెలుసుకోవడానికే వచ్చామన్నాను. గది అవతలి బల్ల దగ్గరున్నాయనకు వినబడేట్టు, "సార్, అప్పా పేరు తెలియకుండా వచ్చారు, ఏం చెయ్యమంటారు?" అని కేకేశాడు. వరసలో ఉన్నవాళ్ళందరూ మా వైపు తిరిగారు. అమ్మ నా పక్కనే ఉంది. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి. "తంబీ, తెలిస్తే నీ దగ్గరికి ఎందుకొస్తాను?" అంది మెల్లగా. వాడు అమ్మను ఎగాదిగా చూసి, "అంటే పాటీ (బామ్మా), మీ అమ్మకు పెళ్ళి కాలేదా?" అన్నాడు.

వెనకెవరో కిసుక్కుమన్నారు. అమ్మ ముఖం చూడాలంటే నాకు ధైర్యం చాలలేదు. ఆస్తి తగాదానా అన్నాడు. కాదన్నాను. మరి దేనికన్నాడు. దేనికో చెప్పమని ఫారంలో ఎక్కడుందో చూపించమన్నాను. అప్పుడు తీశాడు అసలు అస్త్రం: బిడ్డ తల్లిదండ్రులు వచ్చి అడిగితేనే ఇస్తామని. డెబ్భై రెండేళ్ళ బిడ్డ తల్లిదండ్రుల్ని ఎక్కణ్ణించి తెమ్మంటావని అడిగితే, "రూల్సు మా" అన్నాడు.

రూల్సు నేనూ చదువుకునే వెళ్ళాను. 1969 జనన మరణాల నమోదు చట్టం, 17వ సెక్షను. ఫీజు కట్టి ఎవరైనా రిజిస్టరు వెతికించుకోవచ్చు, నకలు తీసుకోవచ్చు. ఎవరైనా అని ఉంది, తల్లిదండ్రులని లేదు. ప్రింటు తీసి బల్ల మీద పెట్టాను. ముట్టుకోలేదు. ఆ తర్వాత వెళ్ళినప్పుడల్లా ఒక్కో కథ. సార్ మీటింగులో ఉన్నారు, ఆ ఏడాది పుస్తకం చెదలు తినేసింది, అసలు ఆ పేటది ఇక్కడ లేదు. బయట టీ కొట్టు దగ్గర ఒక బ్రోకరు మా కోసమే కాచుకున్నట్టు ఎదురొచ్చి, తండ్రి పేరు మనకు నచ్చింది పెట్టించుకోవచ్చన్నాడు!

పని జరిగింది ఒకే ఒక్క మాటతో. "లేకపోతే లేదని రాసివ్వండి, సంతకం స్టాంపూ వెయ్యండి" అన్నాను. ఇవ్వకపోతే పది రూపాయలు కట్టి ఆర్టీఐ వేస్తానని కూడా అన్నాను. చెదలు తిన్న పుస్తకం అప్పుడు బతికొచ్చింది. మీరూ ఇదే చెయ్యండి. నోటిమాటగా "లేదు" అంటే నమ్మి ఇంటికి రాకండి.

ఆ రికార్డు రూములో ఒక పెద్దాయన ఉన్నాడు, గుమ్మిడిపూండి వైపు తెలుగాయన. ఆ ఆఫీసులో మనిషంటే ఆయనొక్కడే. "అమ్మా, పేరు పట్టుకుని వెతికితే దొరకదు. బారసాల కాకముందే రాసేసేవాళ్ళు, పేరు గడి ఖాళీగానే ఉంటుంది. ఆసుపత్రి పట్టుకుని రావాలి" అన్నాడు. ఇంకోటి కూడా చెప్పాడు, ఇది చాలామందికి తెలియదు: జననం నమోదయ్యేది కాపురమున్న ఊళ్ళో కాదు, పురుడు జరిగిన చోట. మీవాళ్ళది నెల్లూరైనా కడపైనా, మద్రాసులో పుడితే మద్రాసు పుస్తకంలోనే వెతకాలి.

ఆ డిసెంబరులో ఆ తేదీల చుట్టుపక్కల ఆ ఆసుపత్రిలో ఆడపిల్లలు ఇద్దరే. ఒకరి తండ్రి తమిళాయన. రెండో ఎంట్రీలో తండ్రి తెలుగుపేరు, వ్యాపారం, కొత్వాల్ చావడి దగ్గర ఒక వీధి. పేరు ఇక్కడ రాయను, వాళ్ళ పిల్లలు ఎక్కడో ఉండే ఉంటారు.

ఆ ఆఫీసు మెట్ల మీద నుంచే చిన్నమ్మమ్మకు ఫోను చేసి ఆ పేరు చదివాను. కాసేపాగి, "ఇంటిపేరు కూడా రాశారా?" అంది. రాయలేదన్నాను. తనే చెప్పింది. ఇంటిపేరు, నెల్లూరు దగ్గర ఊరు, తల్లి పురిట్లోనే పోయిందనీ, ఆయనకు అప్పటికే నలుగురు పిల్లలనీ. ఇన్నాళ్ళూ బతిమాలితే రాని మాట, కాగితం చూశామనేసరికి వచ్చింది. అమ్మ ఏడుస్తుందనుకున్నాను. "నలుగురిలో ఆడపిల్లలెంతమందో అడుగు" అంది.

మా మామయ్య, అంటే పెంచినవాళ్ళ కొడుకు, ఫోను చేసి అరిచాడు, అమ్మానాన్నల పరువు తీశామని. రాఖీ కట్టించుకునే చెల్లెలి గురించి ఆ మాట అన్నందుకు ఆయనతో నేను మాట్లాడ్డం లేదు. అమ్మ మాట్లాడుతోంది, అది ఆవిడ ఇష్టం.

ఇప్పుడు అదే డిసెంబరు మరణాల రిజిస్టరుకి అర్జీ పెట్టాం. తల్లి పేరు అందులో దొరుకుతుందని ఆశ. మరణం ఎందుకు జరిగిందో నకలులో ఇవ్వకూడదని చట్టమే అంటోంది, కాబట్టి అది చిన్నమ్మమ్మ చెప్పాల్సిందే. సంక్రాంతి వెళ్ళాక రమ్మంది. తొంభై దాటిన మనిషి వాయిదా వేస్తే నేను ఒప్పుకుంటానా, ఆదివారమే బయల్దేరుతున్నాం.