పొగ పట్టించిన డిప్పులు, టెర్రస్ మీద అవమానం: నా అనుభవం

కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. పొగ వాసన పట్టించిన పెరుగు డిప్, కాల్చిన వంకాయ డిప్, టమాటా డిప్, మూడూ ఇంట్లోనే చేశాను. చాలా బాగా వచ్చాయి. ఎలా చేశానో చెబుతాను గానీ, మధ్యలో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ళు చేసిన నిర్వాకం కూడా చెప్పక తప్పదు.

మా అబ్బాయి ఆఫీసు స్నేహితులు ఆదివారం సాయంత్రం వస్తామన్నారు. నంజుకోవడానికి సీసా సాసులు తెస్తానన్నాడు వాడు. వద్దన్నాను. మా అమ్మమ్మగారింట్లో దాలిలో, అంటే నిప్పు ఉంచే గుంటలో, పిడకల సెగ మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పాలు కాగేవి. ఎర్రటి మీగడ కట్టేది. ఆ పాలు తోడుపెడితే పెరుగులో సన్నగా పొగ వాసన తగిలేది. ఆ రుచి ఎరిగినవాళ్ళకి సీసా సాసు ఎలా సహిస్తుంది? హైదరాబాద్ ఫ్లాట్‌లో దాలి పెట్టలేను, కనీసం కుంపటి వెలిగిద్దాం అనుకున్నాను.

కూరగాయలు రైతుబజారులో దొరికాయి. బొగ్గు దగ్గరే కాస్త తిరగాల్సి వచ్చింది. సూపర్ మార్కెట్‌లో ప్యాకెట్లలో అమ్మే, అగ్గిపుల్ల గీయగానే అంటుకునే బొగ్గు బిళ్ళలు మాత్రం కొనకండి. త్వరగా అంటుకోవడానికి వాటికి మందు పట్టిస్తారు, ఆ కిరసనాయిలు వాసన తిండికి పడుతుంది. తుమ్మ బొగ్గు గానీ కొబ్బరి చిప్పల బొగ్గు గానీ మేలు. పాత ఫర్నిచర్ ముక్కలు, ప్లైవుడ్, రంగు వేసిన చెక్క అసలు పనికిరావు.

ఇక టెర్రస్ సంగతి. ముందు రోజే వాచ్‌మన్‌ని అడిగాను, ట్రెజరర్ గారినీ అడిగాను. "దానిదేముందండీ, చేసుకోండి" అన్నారాయన. ఆదివారం మధ్యాహ్నం ఎండ తగ్గాక కొత్త మట్టి కుంపటి, బొగ్గులు, విసనకర్ర పట్టుకుని పైకెళ్ళాను. బొగ్గు రాజుకునేదాకా కాసేపు తెల్లటి పొగ వస్తుంది, తర్వాత తగ్గిపోతుంది. కుంపటి ముట్టించిన ఎవరికైనా తెలిసిన విషయమే. సరిగ్గా ఆ కాసేపట్లోనే ఎవరో కింద నుంచి ఫొటో తీసి "టెర్రస్ మీద చెత్త తగలబెడుతున్నారు" అని గ్రూపులో పెట్టారు.

సెక్రటరీ గారు, ఆయన వెనక మరో నలుగురైదుగురు మెట్లెక్కి వచ్చారు. నేను బొగ్గుల మీద వంకాయలు పేర్చి తిప్పుతున్నాను. ఏం చేస్తున్నారని కూడా అడగలేదు. "మేడమ్, చదువుకున్నవాళ్ళు మీరు, ఇదేమైనా పల్లెటూరా?" అన్నారు. ట్రెజరర్ గారిని అడిగాకే పెట్టుకున్నానని చెప్పాను. ఆయన అక్కడే ఉన్నారు. తల పక్కకి తిప్పుకుని "నాకు తెలీదండీ, వంట అన్నారనుకున్నాను" అన్నారు. మరి నేను చేస్తున్నది వంట కాదా? పొగ వల్ల పిల్లలకి దగ్గు వస్తుందని ఎవరైనా మర్యాదగా చెప్పుంటే ఆ క్షణమే మూత పెట్టేదాన్ని. ఆ అవకాశం ఇవ్వలేదు. వాచ్‌మన్‌ని పిలిచి బకెట్ నీళ్ళు తెప్పించారు.

"అమ్మా, ఏమనుకోకండి" అని వాచ్‌మన్ నా మొహం చూడలేక కిందకి చూస్తూ పోశాడు. కణకణలాడే నిప్పుల మీద బకెట్ నీళ్ళు! కుంపటి ఫట్‌మని రెండు ముక్కలైంది. బూడిద నీళ్ళు చిమ్మి నా చీర కుచ్చిళ్ళ మీద, పక్కన పళ్ళెంలో కోసి పెట్టిన టమాటాల మీద పడ్డాయి. సగం కాలిన వంకాయలు ఆ నల్లటి నీళ్ళలో తేలాయి. పక్క ఫ్లాట్ల ఆడవాళ్ళు, పిల్లలు చూస్తున్నారు. ఇన్నేళ్ళ కాపురంలో నన్ను అంతమందిలో నిలబెట్టి మాట అన్నవాళ్ళు లేరు. అదే టెర్రస్ మీద డిసెంబర్ 31న గ్రిల్ అద్దెకి తెచ్చి అర్ధరాత్రి దాకా చికెన్ కాల్చారే, అప్పుడు ఫొటోలు తీసినవాళ్ళు లేరు. సెక్రటరీ గారే ప్లేటు పట్టుకుని నిలబడ్డారు. నియమం అంటే అందరికీ ఒకటే ఉండాలి. ఆడమనిషి ఒక్కతే కుంపటి ముందు కూర్చుంటే గుర్తొచ్చే నియమం, పదిమంది మగవాళ్ళు గ్రిల్ చుట్టూ చేరితే గుర్తురాదా?

మీరు ఎక్కడున్నా సరే, అసోసియేషన్ వాళ్ళని నోటిమాటగా అడగకండి. రాసివ్వండి, సంతకం పెట్టించుకోండి.

కిందకొచ్చాక మా అబ్బాయి సాసులు ఆర్డర్ పెడతానన్నాడు. నాకు పంతం పట్టుకుంది. గేటు పక్కన ఇస్త్రీ బండి పెట్టుకునే అతను ఇంకా బొగ్గు పెట్టెతోనే చేస్తాడు. జరిగింది తెలిసి "అక్కా, ఎన్ని నిప్పులు కావాలి?" అన్నాడు. అడుగున బూడిద పరిచిన స్టీలు గిన్నెలో ఎర్రటి నిప్పులు నాలుగు వేసిచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. రాజుకున్న నిప్పు కాబట్టి తెల్ల పొగ బెడదే లేదు.

పెరుగు ముందు రాత్రే పల్చటి బట్టలో కట్టి ఫ్రిజ్‌లో వేలాడదీశాను. గేదె పాల పెరుగే వాడండి. పొగలో రుచినిచ్చే పదార్థాల్ని కొవ్వు బాగా పట్టుకుంటుంది, వెన్న తీసిన పెరుగుకి అంతగా పట్టదు. చల్లటి పెరుగు మధ్యలో చిన్న స్టీలు గిన్నె పెట్టి, అందులో నిప్పు వేసి, అర చెంచా నెయ్యి పోసి వెంటనే గట్టి మూత పెట్టాలి. 3 నిమిషాలు చాలు. తీసి, కలిపి, రుచి చూసి, చాలకపోతే ఇంకో నిప్పుతో మళ్ళీ పెట్టుకోవచ్చు. ఒకేసారి ఎక్కువసేపు ఉంచితే చేదెక్కుతుంది, ఆ చేదు ఇక పోదు.

వంకాయలకి చాకుతో గాట్లు పెట్టి నూనె రాసి గ్యాస్ మంట మీదే కాల్చాను. గాటు పెట్టకపోతే పేలతాయి. తొక్క చేత్తో వలవాలి. నీళ్ళ కింద కడిగితే కాలిన రుచంతా కొట్టుకుపోతుంది. మెదిపి, పెరుగుకి పట్టినట్టే పొగ పట్టించి, వేయించిన నువ్వుల ముద్ద, నిమ్మరసం కలిపాను. లెబనాన్, సిరియా వైపు నువ్వుల ముద్దతో ఇలాంటిదే చేసుకుంటారు. నేను దాంట్లో పచ్చిమిర్చి, కొత్తిమీర దంచి వేసి, పైన ఆవాలు, ఎండుమిర్చి పోపు పెట్టాను.

టమాటాలకీ వెల్లుల్లికీ వేరే పద్ధతి. పాత ఇనప మూకుడులో ఫాయిల్ పరిచి 2 చెంచాల బియ్యం, చెంచా టీ పొడి, చెంచా బెల్లం వేశాను. చైనా వాళ్ళు బాతుకి ఇలాగే టీ పొగ పట్టిస్తారు. పైన జాలీ పెట్టి, సగానికి కోసిన టమాటాలు, ముందే ఉడికించిన వెల్లుల్లి పాయలు ఉంచి మూత పెట్టాలి. పొగ మొదలయ్యాక మంట తగ్గించి 8 నిమిషాలు. మూత బాల్కనీలో తీయండి. నాన్‌స్టిక్ మూకుడు వాడకండి, ఖాళీగా అంత వేడెక్కితే దాని పూత నుంచి విషపు ఆవిర్లు వస్తాయి. ఆ టమాటాలు, వెల్లుల్లి, వేయించిన పల్లీలు కచ్చాపచ్చాగా రుబ్బి చింతపండు పులుసు కొద్దిగా వేస్తే చాలు. చేగోడీలతో ఆ డిప్ నంజుకుని మా అబ్బాయి స్నేహితులు రెసిపీ రాయించుకున్నారు. ఒకమ్మాయి గిన్నె అడుగు వేలితో తుడుచుకుంది.

నిప్పు ఎప్పుడూ బాల్కనీలోనో, కిటికీలన్నీ తెరిచిన చోటో మాత్రమే ఉంచాలి. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, మూసిన గదిలో ప్రాణాలు పోతాయి. పని అయ్యాక నిప్పుల్ని నీళ్ళలో ముంచి ఆర్పాకే పారేయాలి. పొగ పట్టించిన వెల్లుల్లి మిగిలితే నూనెలో వేసి బయట పెట్టొద్దు. గాలి తగలని నూనెలో బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే బ్యాక్టీరియా పెరుగుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో తినేయండి.

టెర్రస్ మీద ఒక మూల అన్ని ఫ్లాట్ల వాళ్ళకీ ఒకే నియమంతో కేటాయించమని నిన్న అర్జీ రాసిచ్చాను. పగిలిన కుంపటి ఖరీదు కూడా అడిగాను. అందినట్టు సెక్రటరీ గారి చేత సంతకం పెట్టించుకున్నాను. వచ్చే నెల మీటింగ్‌లో మాట్లాడదామన్నారు, ట్రెజరర్ గారు కూడా ఉంటారట.