ఫాలోఅప్‌కి రానివాళ్లు

కేన్సర్ రోగుల దిగులు మీద స్టడీ అనగానే అందరూ అడిగేది ఎంతమందిని చేర్చుకున్నారనే. తిరుపతిలో అలాంటి ఒక స్టడీకి కోఆర్డినేటర్‌గా పనిచేస్తున్న నాకు మాత్రం టెన్షన్ అంతా, ఒకసారి చేరి మళ్లీ కనిపించనివాళ్ల గురించే. బస్సు ఖర్చుకు లేక ఆగిపోయేవాళ్లు ఉంటారు, లేవలేక ఆగిపోయేవాళ్లు ఉంటారు. మనసు బాగా కుంగిపోయి, ఎందుకులే అనుకునేవాళ్లూ ఉంటారు. వీళ్లను వదిలేసి వచ్చినవాళ్ల లెక్కే వేస్తే, రోగులందరూ కోలుకుంటున్నట్టు కనిపిస్తుంది. అది నిజం కాదు.

అందుకే స్టడీ కోసమని విడిగా ఎవరినీ రమ్మనకూడదని నా గట్టి అభిప్రాయం. పుంగనూరు, పలమనేరు నుంచి తెల్లవారకముందే బస్సెక్కి కీమోకి వచ్చేవాళ్లు, రక్తపరీక్ష రిపోర్టు కోసం ఎలాగూ కూర్చోవాలి. ఆ బెంచీ మీదే, కాస్త పక్కకు తీసుకెళ్లి అడుగుతాను. దీనివల్ల ఇంకో మేలుంది, ప్రతిసారీ కీమోకి ముందే అడిగినట్టవుతుంది. దిగులు ఎంతుందో కొలవడానికి మేం వాడే ప్రశ్నల ఫారం పీహెచ్‌క్యూ-9లో తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, అన్నీ కలిపి ఎక్కువలో ఎక్కువ 27. గడిచిన రెండు వారాల్లో నిద్ర, ఆకలి, నీరసం ఎలా ఉన్నాయని అందులో అడుగుతారు. ఇవన్నీ కీమోవల్ల కూడా పాడవుతాయి కదా! ఒక పెద్దామె అన్నది: “దిగులు కాదు పాపా, సూది వేసినాక నాలుగు దినాలు నోట్లోకి ముద్ద పోదు.” ఆమె చెప్పిన జవాబు చెప్పినట్టే రాశాను, పక్కన కీమో తేదీ వేశాను. 21 రోజులకోసారి కీమో అయితే, ప్రతిసారీ తర్వాతి డోసుకు ముందే అడగాలి. ఒకసారి డోసైన మూడో రోజున, ఇంకోసారి ఇరవయ్యో రోజున అడిగితే ఆ రెండు స్కోర్లను పోల్చి ఏం చెప్పగలం?

తొమ్మిదో ప్రశ్న సంగతి వేరు. చచ్చిపోతే బాగుండునని గానీ, తనకు తాను హాని చేసుకోవాలని గానీ అనిపించిందా అని అడిగేది అదే. అక్కడ 0 కాకుండా ఏ అంకె పడినా, మొత్తం స్కోరు ఎంత తక్కువున్నా సరే, ఫారం కంప్యూటర్ దగ్గరికి పోదు. ముందు డాక్టరు వచ్చి మాట్లాడాలి. ఆరోజు ఏ డాక్టరును పిలవాలో, ఆయన లేకపోతే ఎవరో, మొదటి రోగిని చేర్చుకోకముందే రాసి పెట్టుకోవాలి. ఇంటికి వెళ్లేటప్పుడు, మనసు బాగాలేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 చీటీ మీద రాసి ఇస్తాం. సాయంత్రం ఫైళ్లు సర్దేటప్పుడు చూద్దాంలే అనుకునే పని కాదిది.

రానివాళ్లకు ఫోన్ చేసేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. చాలామంది ఇచ్చేది కొడుకు నంబరో, పక్కింటివాళ్లదో. జబ్బు పేరు ఊళ్లో తెలియకూడదనుకునే ఇళ్లు ఎన్నో. అందుకే సమ్మతి పత్రం మీద సంతకమో వేలిముద్రో తీసుకునేటప్పుడే, ఎవరితో ఏం చెప్పవచ్చో అడిగి రాసుకుంటాను. రానని చెప్పేస్తే ఇక బలవంతం చేయను. స్టడీ మానుకున్నా వైద్యం ఆగదని ఆ ఫోన్‌లోనే మళ్లీ చెప్తాను. రాకపోవడానికి కారణం చెప్తే అది రాసుకుంటాను, ఆ కారణమూ మాకు డేటానే.

ఇప్పుడు బస్సు చార్జీలు ఇవ్వడానికి అనుమతి కోరుతూ స్టడీలో రోగులకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీకి, స్టడీ ప్లాన్‌లో సవరణ పంపుతున్నాం. రోగికి మాత్రమే అని మొదటి డ్రాఫ్టులో ఉంది. తోడు వచ్చే మనిషి చార్జీ కూడా చేర్చమని పట్టుబట్టి రాయించాను.