దోమ కుట్టకపోయినా వాచిన కాలు

ముందే చెప్పేస్తున్నా, నాది బోదకాలు కాదు. మా సిద్దిపేట వైపు ఆడమనిషి కాలు వాచి కనిపిస్తే చాలు, "పింఛన్ రాయించుకున్నవా అక్కా" అని అడుగుతారు, అడిగేవాళ్లను అనడానికి కూడా లేదు, మా చుట్టుపక్కల ఊళ్లలో ఆ జబ్బు ఎప్పటినుంచో ఉంది. నాకూ రాత్రిపూట వచ్చి రక్తం తీసుకుపోయారు, బోదకాలు తెచ్చే పురుగు పిల్లలు రాత్రివేళే రక్తంలో తిరుగుతాయట. ఏమీ దొరకలేదు. నాకు వచ్చింది లింఫెడిమా, అంటే ఒంట్లో ఊరిన ద్రవాన్ని వెనక్కి తీసుకుపోయే లింఫ్ నాళాలు పాడై వచ్చే వాపు, అది దెబ్బ వల్ల వచ్చింది. అదీ దెబ్బ తగిలిన ఏడాది దాటాక, ఇంట్లో అందరం ఆ సంగతి మర్చిపోయాక.

స్కూటీ మీద పోతుంటే ట్రాక్టర్ ట్రాలీ రాసుకుంటూ పోయింది. దాని రేకు అంచు నా కుడి మోకాలి లోపలివైపు నుంచి తొడ సగం దాకా చర్మాన్నీ కొవ్వునూ కలిపి ఒలిచేసింది. ఎముక విరగలేదు, రక్తనాళం తెగలేదు, "నువ్వు అదృష్టవంతురాలివమ్మా" అన్నారు ఆస్పత్రిలో. ఎడమ తొడ మీద చర్మం తీసి అక్కడ అతికించారు. గాయం బాగానే మానింది. నేను టైలర్‌ని, బ్లౌజులూ పంజాబీ డ్రెస్సులూ కుడతాను, కొన్నాళ్లకు మళ్లీ మిషన్ ఎక్కాను.

మరుసటి ఏడు పెళ్లిళ్ల సీజన్‌లో మొదలైంది. సాయంత్రమయ్యేసరికి కుడికాలి పట్టీ చర్మంలోకి దిగి గాడి పడేది, ఎడమకాలిది మాత్రం వదులుగా ఆడేది. పడుకుని లేస్తే తగ్గిపోయేది కాబట్టి కూర్చుని కూర్చుని వస్తోందిలే అనుకున్నాం. కొన్ని నెలలకు పొద్దున లేచినా తగ్గడం మానేసింది. దగ్గర్లోని డాక్టరుకు చూపిస్తే రక్తం గడ్డకట్టిందేమోనని డాప్లర్, అంటే నాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్, తీయించాడు, గడ్డలేమీ లేవు. గుండె, కిడ్నీలు చూశారు, బాగున్నాయి. మరి ఏంటంటే "నీరు పట్టింది" అని నీరు పోయే మాత్రలు రాసిచ్చాడు. నెలల తరబడి అవి మింగాను, బాత్రూమ్‌కు తిరగడం తప్ప పెద్దగా ఒరిగిందేమీ లేదు. రెండు రోజులు కాస్త తగ్గినట్టుండేది, మళ్లీ మామూలే. ఆ వాపులో ఉన్నది ఒట్టి నీరు కాదు, ప్రోటీన్ కలిసిన ద్రవం, మాత్ర నీటిని లాగితే ప్రోటీన్ అక్కడే ఉండిపోయి మళ్లీ నీటిని తన దగ్గరికి లాక్కుంటుంది అని ఒక్కరు చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

ఆ తర్వాత మట్టె ఇరుక్కుంది. సబ్బు పెట్టాం, నూనె పెట్టాం, దారం చుట్టి లాగాం, కదల్లేదు, వేలు నల్లబడుతోంది. అవుసులాయన దగ్గరికి పోయి కోయించుకుంటానంటే మా అత్తమ్మ ఒప్పుకోలేదు. "మొగడు బతికుండంగ మట్టె కోపిస్తరా ఎవలన్న?" అని ఒకటే గోల. చివరికి మా ఆయనే, అంటే బతికున్న ఆ మొగుడే, నన్ను బండి మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయాడు.

హైదరాబాద్‌లో ఒక ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి వెళ్లింది ఆ తర్వాతే. ఆయన కాలు మొత్తం చూడకముందే ఎడమ పాదం రెండో వేలి మొదట్లో, సరిగ్గా మట్టె ఉండేచోట, చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి పైకెత్తాడు. వచ్చింది. కుడి పాదానికి అలాగే చేస్తే చర్మం పట్టు చిక్కలేదు, దిమ్మలా ఉండిపోయింది. ఇది స్టెమ్మర్ అనే డాక్టరు 1976లో చెప్పిన గుర్తు అట, మిషన్లేమీ అక్కర్లేని పరీక్ష. అంతకుముందు నన్ను చూసిన ఒక్కరూ నా కాలివేలు ముట్టుకోలేదు, ఆ మాట మీద మాత్రం నాకు ఇప్పటికీ కోపంగానే ఉంది.

తర్వాత స్కాన్ చేయించారు, లింఫోసింటిగ్రఫీ అంటారు. కాలివేళ్ల సందుల్లో సన్నటి సూదితో రేడియోధార్మిక మందు ఎక్కిస్తారు, ఆ సూది నొప్పి మామూలుగా ఉండదు. కాసేపు నడిపించి ఫొటోలు తీస్తారు. ఎడమకాలిలో మందు గీత గీసినట్టు పైకి పోయి గజ్జల్లో బిళ్లలు చుక్కల్లా వెలిగాయి. కుడికాలిలో మోకాలి దాకా వచ్చి ఆగి, అక్కడినుంచి చర్మం కింద మరకలా పరుచుకుంది. గజ్జల్లో దాదాపు ఏమీ లేదు.

డాక్టరు ఆ ఫొటో పక్కన పెట్టుకుని చెప్పింది నాకు అర్థమైన మేరకు రాస్తున్నా. రక్తనాళాల్లోంచి ద్రవం ఎప్పుడూ కొంచెం కొంచెం బయటికి ఊరుతూనే ఉంటుంది. అందులో వెనక్కి పోలేని ప్రోటీన్‌నూ మిగిలిన ద్రవాన్నీ లింఫ్ నాళాలు లాక్కుని మళ్లీ రక్తంలో కలుపుతాయి, ఒంట్లో మొత్తం మీద రోజుకు రెండు మూడు లీటర్లు అలా చేరుతుంది. వీటికి గుండెలాంటి పంపు లేదు, వాటి గోడలే ముడుచుకుంటూ తోస్తాయి, లోపల కవాటాలుంటాయి, పిక్క కండరం కదిలితే ఇంకాస్త సాయం. కాలి నుంచి పైకి పోయే పైపొర నాళాల్లో ఎక్కువ భాగం మోకాలి లోపలివైపే ఇరుకుగా గుంపుకట్టి పోతాయి, నా ట్రాలీ రేకు తెంపింది సరిగ్గా అక్కడ. అతికించిన చర్మం పలచటిది, దాంతోపాటు ఆ నాళాలు రావు కదా.

మరి ఏడాది దాకా ఎందుకు వాయలేదు అని అడిగాను. హైవే మూసేస్తే లారీలన్నీ ఊరి సందుల్లోంచి పోతాయి, కొన్నాళ్లు పోతాయి, ఆ తర్వాత సందులే కుంగిపోతాయి, అంతే అన్నాడు. మిగిలిన సన్న నాళాలు ఆ బరువంతా మోసి మోసి ఉబ్బాయి, కవాటాలు మూసుకోవడం మానేశాయి, గోడలు గట్టిపడ్డాయి. నిలిచిన ప్రోటీన్ దగ్గర వాపు ప్రక్రియ మొదలై చర్మం కింద పీచులా గట్టిపడుతుంది, కొవ్వు కూడా పేరుకుంటుంది. నొక్కితే గుంట పడే కాలు నొక్కినా పడని కాలుగా మారేది ఇందుకే. నాది రెండో దశలో ఉందన్నాడు. పూర్తిగా నయం కాదు, తగ్గించి అదుపులో పెట్టుకోవచ్చు, సన్న నాళాలను సిరలకు కలిపే మైక్రోసర్జరీ ఉంది గానీ ముందు కట్లు కట్టి చూద్దాం అన్నాడు. నయం కాదనే మాట విన్న రోజు ఇంటికొచ్చి తిండి తినలేదు.

కట్లు కట్టడం నేర్పింది ఒక ఫిజియోథెరపీ అమ్మాయి. మర్దనా అంటే నేను కాలు పిసుకుతుందనుకున్నాను. ఆమె మెడ దగ్గర మొదలుపెట్టింది, తర్వాత పొట్ట, గజ్జ, తొడ, పాదం చివరికి. పైన దారి ఖాళీ చేయకుండా కిందినుంచి తోస్తే ఎక్కడికి పోతుంది ఆంటీ, అంది. చెయ్యి కూడా చర్మం జరిగేంత మెత్తగానే. కట్టేది మెడికల్ షాపులో దొరికే క్రేప్ బ్యాండేజి కాదు, పెద్దగా సాగని రకం, దూది పొరల మీద వరసలు వరసలుగా, చీలమండ దగ్గర బిగువు ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. అది కట్టుకుని నడవాలి, అప్పుడు కండరం ఉబ్బినప్పుడల్లా కట్టు ఎదురొత్తి ద్రవాన్ని తోస్తుంది. మడమ నుంచి నాలుగు సెంటీమీటర్లకొక చుక్క పెట్టి టేపుతో కొలవమంది. ఇక ఆ పని నాకెవరూ నేర్పక్కర్లేదు! చేతి లూజుకు అరంగుళం తేడా కనిపెట్టే దాన్ని, నా పిక్క కొలత దుకాణం పుస్తకంలోనే కస్టమర్ల కొలతల కింద రాసుకునేదాన్ని. మొదటి వారాల్లో కొలత గబగబా దిగింది, తర్వాత మొండికేసింది.

మధ్యలో ఒకసారి బాగా భయపెట్టింది. మధ్యాహ్నం వణుకుతో చలిజ్వరం, సాయంత్రానికి కాలు ఎర్రగా నిప్పులా మండింది. సెల్యులైటిస్, అంటే చర్మం లోపలి పొరల్లో ఇన్ఫెక్షన్ అని ఆస్పత్రిలో చేర్చుకుని సెలైన్‌లో యాంటీబయాటిక్స్ ఎక్కించారు. కాలివేళ్ల మధ్య నిమ్ము ఆరక ఒరుసుకున్న చోటినుంచి క్రిమి దూరింది. ఇలాంటిది వచ్చిన ప్రతిసారీ మిగిలిన నాళాలు ఇంకొన్ని పాడవుతాయి, అవి పాడైతే మళ్లీ ఇన్ఫెక్షన్ తేలిగ్గా వస్తుంది. ఇప్పుడు మూడు వారాలకొకసారి పెన్సిలిన్ సూది వేయించుకుంటున్నాను.

పాదం కడుక్కోవడం మాత్రం నాకు హైదరాబాద్ డాక్టర్లు నేర్పలేదు, మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బోదకాలు ఉన్న ఆడవాళ్లు నేర్పారు. టబ్బు, మగ్గు, సబ్బు, టవల్ ముందేసుకుని నర్సు చూపిస్తుంటే వాళ్లు ఎన్నేళ్లుగానో చేస్తున్నారు. వేళ్ల సందుల్లో మెత్తటి గుడ్డ దూర్చి, రుద్దకుండా, అద్ది ఆరబెట్టాలి. వాళ్ల నాళాలను పురుగు పాడుచేసింది, నావి రేకు తెంపింది, ఆ తర్వాత కాలికి జరిగేది మాత్రం ఇంచుమించు ఒకటే. నాది బోదకాలు కాదని మొదట్లో ఊరంతా చెప్పుకుని తిరిగేదాన్ని, ఇప్పుడు ఎవరైనా అడిగితేనే చెబుతున్నా.

ఇప్పుడు పగలు బిగుతు మేజోడు, రాత్రి కట్టు. ఆ మేజోడు కాలి కొలతకు అల్లించాలి, వేలల్లో అవుతుంది, ఆరు నెలలకు బిగువు పోతుంది, ఎండాకాలం అది తొడుక్కుని మిషన్ ముందు కూర్చోవడం నరకం. పిక్క దగ్గర ఎడమకాలికీ కుడికాలికీ మధ్య రెండు సెంటీమీటర్ల తేడా మిగిలింది. మిషన్‌కు మోటార్ పెట్టిద్దామని మా ఆయన బేరం కూడా ఆడి వచ్చాడు, ఫిజియో అమ్మాయి వద్దంది, తొక్కితే పిక్క కదులుతుంది, తొక్కండి ఆంటీ, గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి అంది. మోటార్ కోసం దాచిన డబ్బు పెట్టి రెండో మేజోడు ఆర్డరిచ్చాను, ఒకటి ఉతికి ఆరేస్తే ఇంకొకటి తొడుక్కోవాలి కదా.